మా కారులో అఖండ దీపం

కారున్న ప్రతి ఇంట్లో, స్టీరింగు వెనక, ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ లైటు ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. అది వెలగని కారు మీ కారు కాదు. ఊరి కారు!

నవ్వుకుంటే నవ్వుకోండి. లైటు వెలగడం ఆలస్యం, మెకానిక్ షెడ్డుకి పరిగెత్తే అమాయకులారా, మీ మేలు కోరే చెబుతున్నాను. దేవుడి పటం ముందు దీపం ఆరిపోతే కంగారుపడతారు. కారులో దీపం వెలిగితే కంగారుపడతారు. ఇదెక్కడి న్యాయం?

మా ఇంట్లో ఆ దీపం నాలుగు నెలలు వెలిగింది. నూనె పొయ్యలేదు, వత్తి వెయ్యలేదు. ఆ నాలుగు నెలలూ నేనెంత సుఖపడ్డానో చెబితే మీరు ఈ పేపరు పక్కన పడేసి, మీ కారు ఎలా చెడగొట్టాలా అని ఆలోచిస్తారు. తొందరపడకండి. ముందు దీపం లేని రోజుల్లో నేను పడ్డ పాట్లు వినండి.

మాది కొడవలూరు దగ్గర పల్లె. మా ఆయన పోయాక ఎద్దులు, గేదెలు అమ్మేసి, ఇంకొంచెం కలిపి, సెకండ్ హ్యాండులో ఒక తెల్ల పెట్రోలు కారు కొన్నాను. నాకు నడపడం రాదు. మా మరిది కొడుకు మధుబాబు నడుపుతాడు. నడపడం రాని దానికి కారెందుకని ఊరంతా అడిగింది. అడిగినవాళ్లే తర్వాత అందులో ఎక్కారు, అది వేరే సంగతి.

ఎందుకంటే, మైపాడులో ప్రేమలీల ఉంది. నాకు యాభై దాటాక అక్షరాలు దిద్దబెట్టిన మనిషి. ఇప్పుడు ఆమెకి చూపు మందగించింది. మనిషి కనపడతాడు గానీ అచ్చు అక్షరం కనపడదు. “నీకు ఊరికే నేర్పించినాననుకున్నావా? వచ్చి చదివి పెట్టు” అంది. ఆదివారం ఆమె ప్రార్థన ముగించుకుని వచ్చి, చేపల పులుసుతో అన్నం తిని, చాప మీద కూర్చున్నాక, నేను వెళ్లి పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించాలి. టెండరు ప్రకటనలు కూడా వదలకూడదు. అదీ మా ఒప్పందం.

మా ఊరి నుంచి మైపాడుకి రెండు బస్సులు, ఒక ఆటో. నా మోకాళ్లు ఆటోకి ఒప్పుకుంటాయి, బస్సు మెట్లకి ఒప్పుకోవు. అందుకని కారు.

కారుకి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మం ముందు నిలిపాం. నిమ్మకాయ రసం ఇంకా ఆరలేదు. ఎదురింటి హజరత్తయ్య వచ్చాడు.

హజరత్తయ్య మంచివాడు. చెడ్డవాడైతే ఇవ్వనని మొహం మీదే చెప్పేదాన్ని. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కంతా!

“అక్కా, కొత్త కారు నీ గుమ్మంలో ఊరికే నిలబడుండాది. మా బామ్మర్ది కూతురి పెళ్లి చూసొస్తాది, పంపిస్తావా?” అన్నాడు.

కారు పెళ్లి చూసొస్తుందట! కాదంటే కారు మనసు నొచ్చుకుంటుందేమోనని పంపించాను.

అది మొదలు. రెండేళ్లలో మా కారు చూసినన్ని పెళ్లిళ్లు మా పురోహితుడు కూడా చూసి ఉండడు. వెంకటాచలంలో పెళ్లిచూపులకి వెళ్లింది. పిల్ల నచ్చలేదని తిరిగొచ్చింది. నెల తిరక్కుండా అదే పిల్ల పెళ్లికి, అదే పిల్లాడితో, పూలదండ వేసుకుని వెళ్లింది. ఉయ్యాలలో పిల్లల్ని వేసే పండగలకి వెళ్లింది. గృహప్రవేశానికి ఆవు దూడ ఆలస్యమైతే దూడను తేవడానికి వెళ్లింది. ఒకసారి మొక్కు తీర్చడానికి మేకపోతును ఎక్కించుకుని పోయింది. మేకపోతు ముందు సీట్లో కూర్చుంది. దర్జాగా అద్దంలోంచి బయటికి చూస్తూ పోయింది.

ఆ సీట్లో అప్పటికి నేనింకా కూర్చోలేదు!

ఇవన్నీ ఏ వారం జరుగుతాయి? ఆదివారమే జరుగుతాయి. ఆదివారం అయితేనే గదా అందరికీ తీరిక. పేపరు మడిచి చేతిలో పట్టుకుని నేను అరుగు మీద కూర్చునేదాన్ని. నా కళ్ల ముందే కారు వెనక్కి తిరిగి, హారన్ కొట్టి, నాకు టాటా చెప్పి పోయేది.

అప్పుడు మైపాడు నుంచి ఫోను.

“ఏమే, మళ్లీ పెళ్లా?”

“మళ్లీ పెళ్లే.”

“ఎవరిది?”

“నాకేం తెలుసు? కారుకి తెలుసు.”

ప్రేమలీల, “పోయిన వారం పేపరు ఉందిగా, ఫోనులోనే నాలుగు ముక్కలు చదువు” అనేది. నేను చదివేదాన్ని. టవర్ సరిగ్గా అందక ఆమెకి సగం వినపడేది. కలెక్టరు గారు ప్రారంభించారని వినపడేది, ఏమి ప్రారంభించారో వినపడేది కాదు. ఆ వారమంతా ఆమె అదే ఆలోచిస్తూ ఉండేది.

మా ఊళ్లో ఒక మర్యాద ఉంది, చెప్పాలి. అడిగి తెచ్చుకున్న వస్తువు కడక్కుండా తిరిగి ఇవ్వరు. పప్పు గిన్నె అయినా, పందిరి గుంజ అయినా, కాడెద్దులైనా అంతే. ఎద్దుల్ని దుక్కికి అడిగి తీసుకుపోయినవాడు సాయంత్రం కాలవలోకి తోలి, గడ్డితో వీపు రుద్ది, మెరిసేలా చేసి తెచ్చి కట్టేసేవాడు. కారుకి మాత్రం వేరే మర్యాదా? పెళ్లి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే గేదెల రేవులోకి కారును వెనక్కి దించి, తనివితీరా కడిగి, నీళ్లు కారుతుండగా తెచ్చి నా గుమ్మంలో పెట్టేవాడు.

“అద్దంలా ఉండాది చూడక్కా!” అనేవాడు హజరత్తయ్య.

అద్దంలాగే ఉండేది. తిట్టడానికి కూడా సందు ఉండేది కాదు.

ఇట్లా ఉండగా, ఒక ఆదివారం సాయంత్రం దైవం కరుణించింది.

హజరత్తయ్య తాళం చెవి నా చేతిలో పెట్టి, వెళ్లకుండా తల గోక్కుంటూ నిలబడ్డాడు. “అక్కా, ఏదో లైటు వెలగతా ఉండాది. నేను తీసుకపోకముందు నుంచే ఉండాదేమో! నువ్వు చూసుకోలేదేమో!”

మధుబాబు వచ్చి చూశాడు. పసుపుపచ్చగా, ఇంజను బొమ్మ. చిన్నది. ముద్దుగా ఉంది.

“ఇంజన్ లైటు పెద్దమ్మా! ఇంజన్ పోయినట్టే!” అన్నాడు.

ఇంజను పోలేదు. హాయిగా తిరుగుతోంది. పోయింది మాత్రం హజరత్తయ్య మొహంలో కళ. ఎందుకో మీకు తెలుసు గదా? అరువు వస్తువు ఎవరి చేతిలో విరిగితే వాళ్లే విరిచినట్టు లెక్క. అది ఎన్నేళ్లుగా బీటలు వారుతోందో ఎవరూ అడగరు. లైటు వెలిగే కారును తీసుకుపోయి, అది దారిలో ఆగితే? ఊరు ఊరంతా ఆ సంగతి ఒక్క పూటలో అర్థం చేసుకుంది.

మర్నాటి నుంచి మా గుమ్మం తొక్కినవాడు లేడు!

వచ్చే ఆదివారం బారసాలకి అడిగి పెట్టుకున్న వాళ్లు ఆటో మాట్లాడుకున్నారు. ఇంకెవరిదో మొక్కు మేకపోతు నడిచి వెళ్లింది. కారు మా గుమ్మంలోనే ఉంది. దాని కింద నీడ చల్లగా ఉందని మా నల్ల కోడి అక్కడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం నేను మేకపోతు సీట్లో కూర్చుని మైపాడు వెళ్లాను.

చెప్పండి, ఇంతకంటే మంచి వాచ్‌మన్ ఎక్కడ దొరుకుతాడు? జీతం అడగడు, నిద్రపోడు, చుట్టాలకి లొంగడు. ‘లేదు’ అనే మాట నా నోటితో అనక్కరలేకుండా వాడే అంటాడు. మన తెలుగువాళ్లకి ‘లేదు’ అనడం చేతకాదు గదా! అందుకోసం ఇంజనీర్లెవరో ఎక్కడో కూర్చుని కనిపెట్టిన పరికరం ఇదని నా గట్టి నమ్మకం.

ఇక ఆ లైటు పుణ్యమా అని నాకు కలిగిన మిగతా లాభాలు చూడండి.

జ్ఞానం! ఊళ్లో ప్రతివాడూ వైద్యుడయ్యాడు. ఒకడు బ్యాటరీ తీగ పీకి పెట్టమన్నాడు. పీకితే లైటు ఆరింది. నా గుండె జారింది. ఆరిన సంగతి ఎట్లా తెలిసిందో, ఆ సాయంత్రమే హజరత్తయ్య కారు పట్టుకుపోయి, మర్నాడు పద్ధతి ప్రకారం కాలవలో కడిగి తెచ్చాడు. దైవం చల్లగా చూసింది. మూడో రోజున లైటు మళ్లీ వెలిగింది. ఇంకొకడు పెట్రోలు మూత మార్చమన్నాడు. మార్చాం. లైటు కదల్లేదు. ఇంకొకడు నెంబరు ప్లేటులో అంకెలు కూడితే ఎనిమిది వస్తోంది, అదే దోషం అన్నాడు. ఎనిమిది కాకపోతే పదిహేడని మధుబాబు వాదించాడు. అదీ ఎనిమిదేనట!

ఓర్పు! పెట్రోలు బంకులో అరలీటరు పోయగానే గొట్టం టక్కుమని ఆగిపోయేది. మళ్లీ నొక్కితే ఇంకొంచెం, మళ్లీ టక్కు. బంకులో పనిచేసే వాణి అనే అమ్మాయి, “మీ కారు ఉగ్గుపాలు తాగతాది అవ్వా!” అని నవ్వేది. మా వెనక లారీల వాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. ట్యాంకు నిండేలోపు వాణికి సంబంధాలు చూస్తున్నారనీ, ఆమెకి ఇష్టం లేదనీ, నర్సింగు చదవాలనీ నాకు మొత్తం తెలిసింది. గొట్టం సవ్యంగా పోసే కారులో వెళ్లేవాళ్లకి ఈ భాగ్యం ఉందా?

భక్తి కూడా! ఒకరోజు మా గుమ్మంలో ట్యాంకు మూత తిప్పగానే లోపల్నుంచి బుస్సుమని పెద్ద శబ్దం. హజరత్తయ్య రెండడుగులు వెనక్కి వేసి, లెంపలు వేసుకుని, “నాగేంద్రస్వామి!” అన్నాడు. ఇంట్లోకి పరిగెత్తి అగరొత్తుల కట్టా, అగ్గిపెట్టె తెచ్చాడు. పెట్రోలు ట్యాంకు మూత తీసి ఉంది, ఆయన అగ్గిపుల్ల గీయబోతున్నాడు. నేను చెంబెడు నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించాను. “దేవుడికి స్నానం చేసి గదా వెలిగించాల” అని సర్దిచెప్పాను. ఆ తర్వాత మూడు రోజులు ఆయన కారు వంక కన్నెత్తి చూడలేదు.

ఈ నాలుగు నెలల్లో ప్రేమలీలకి నేను పదహారు ఆదివారాల పేపర్లు చదివాను. కలెక్టరు గారు ప్రారంభించింది బోరింగు అని ఆమెకి తెలిసింది. “ఇంతేనా? నేను వంతెన అనుకున్నా” అంది. ఒత్తులు పలికేచోట నేను తడబడితే, కళ్లు మూసుకునే, చీపురు పుల్ల తీసి నా మోకాలి మీద కొట్టేది. బయట వలలు ఆరేసి ఉండేవి. సముద్రం చప్పుడులో కూడా నా తప్పు ఆమెకి ఎట్లా వినపడుతుందో నాకు అర్థం కాదు.

కానీ ఏ సుఖమూ కలకాలం ఉండదు గదా!

మొన్న రెండు వారాల కిందట మైపాడు నుంచి వస్తుంటే, రొయ్యల గుంటల మధ్య కారు దగ్గి, వణికి, ఆగిపోయింది. మధుబాబు బోనెట్ ఎత్తి, అర్థం కాక, మళ్లీ దించాడు. చివరికి ఏమీ తోచక పెట్రోలు మూత తిప్పాడు. బుస్సుమంది. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అయింది! మళ్లీ నాలుగు కిలోమీటర్లకి ఆగింది. మళ్లీ మూత తిప్పాం. అట్లా మూత తిప్పుకుంటూ, బుస కొట్టించుకుంటూ, చీకటి పడేలోగా ఇల్లు చేరాం.

“ఇంక నావల్ల కాదు పెద్దమ్మా! రేపే హెబ్రోను అన్న దగ్గరికి తీసుకపోతా” అన్నాడు మధుబాబు.

నాకు భయం పట్టుకుంది. కారు ఆగితే మైపాడు పోలేను. కారు బాగుపడినా మైపాడు పోలేను! ఇటువంటి ఇరకాటం మీలో ఎవరికైనా వచ్చిందా? వైద్యుడి దగ్గరికి పోతూ, జబ్బు పూర్తిగా నయం చెయ్యకు నాయనా అని మొక్కుకున్న రోగి నేనొక్కదాన్నే అయి ఉంటాను. నేను కూడా వెంట వెళ్లాను.

మెకానిక్ హెబ్రోను షెడ్డు హైవే పక్కన. మాటకి ముందు చెయ్యి కడుక్కునే మనిషి. స్టీరింగు కింద ఒక చిన్న యంత్రం గుచ్చి, అందులో వచ్చిన నంబరు చూశాడు.

“దొరికిందా అన్నా? ఏం మార్చాల?” అన్నాడు మధుబాబు ఆత్రంగా.

“ఆగు మధూ. ఇది వీధి పేరే చెప్తాది. ఇల్లు మనం వెతుక్కోవాల.”

ఆ మాట నాకు బాగా నచ్చింది. మా ఊరి వైద్యులంతా వీధి పేరు కూడా తెలియకుండానే తలుపులు తట్టారు.

హెబ్రోను పెట్రోలు మూత రబ్బరు చూశాడు. బాగుందన్నాడు. కారును జాకీతో ఎత్తి, వెనక చక్రాల వైపు కిందికి దూరాడు. నేను కూడా పక్కన ఒంగి చూశాను. నలభై ఏళ్లు నాట్లు వేసిన నడుము, ఒంగమంటే ఇప్పటికీ ఒంగుతుంది. మెట్లు ఎక్కమంటే ఏడ్చేది మోకాళ్లే.

ట్యాంకు పక్కన ఒక నల్ల డబ్బా. దానికి ఒక గొట్టం. గొట్టం దగ్గర అరచేతిలో పట్టేంత చిన్న వాల్వు, దానికి ఒక వైరు ప్లగ్గు. హెబ్రోను ప్లగ్గు పీకి, వాల్వు ఊడదీసి, నోటితో ఊదాడు. గాలి పోలేదు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి తగిలించాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“టిక్ అనాల. అనలా” అన్నాడు.

“ఇదేమి సామాను నాయనా?” అన్నాను.

“నూనె డబ్బాకి ఒకటే చిల్లి పెట్టి వంచితే నూనె కారతాదా అమ్మా? గుడగుడమని ఆగిపోతాది. గాలి పోయేదానికి రెండో చిల్లి పెట్టాల. మీ పెట్రోలు ట్యాంకుకి రెండో చిల్లి ఇదే.”

“చిల్లి చాలు గదా, వాల్వు ఎందుకు?”

“ఊరికే చిల్లి పెడితే పెట్రోలు ఆవిరంతా బయటికి పోతాది. ఈ నల్ల డబ్బాలో బొగ్గు ఉండాది, అది ఆవిరిని పట్టుకుంటాది. ఈ వాల్వు దానికి తలుపు. ఎప్పుడూ తెరిచే ఉంటాది. బండిలో కంప్యూటరు అప్పుడప్పుడు ఆ తలుపు మూసి, ట్యాంకు యాడన్నా లీకవతా ఉందా అని చూసుకుంటాది. మీ తలుపు మాత్రం కంప్యూటరు చెప్పినా కదలదు. మూసుకుపోయింది.”

అంటూ వాల్వును నేల మీద తట్టాడు. ఎండిన బురద గడ్డ రాలింది. ఇంకోసారి తట్టాడు. గడ్డి పరక రాలింది. మూడోసారి చిటికెన వేలి గోరంత నత్తగుల్ల రాలింది.

హెబ్రోను ఆ నత్తగుల్లను వేళ్ల మధ్య పెట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు. పాతికేళ్ల సర్వీసులో ఆయన కారు లోపల నత్తను చూడలేదట.

“మధూ, మీరు బండి యాడ కడగతారు?”

“కాలవలో అన్నా! గేదెల రేవులో. వెనక్కి దించితే డిక్కీ దాకా మునుగుతాది. చక్రాలు తోమేపని కూడా ఉండదు!” అన్నాడు మధుబాబు గొప్పగా.

హెబ్రోను టైరు మీద కూలబడ్డాడు. “కారునా? కాలవలోనా? గాలి పీల్చే ముక్కు నీళ్లలో పెట్టి?”

“అడిగి తీసుకపోయినోళ్లు కడక్కుండా ఎట్టిస్తారన్నా? మర్యాద ఉండొద్దా?”

విన్నారా? రెండేళ్లు, అన్ని పెళ్లిళ్లు, అన్ని స్నానాలు. ఊరి మర్యాదంతా పోయి మా కారు ముక్కులో అడ్డంపడింది! ఎవరు కారు తీసుకుపోయారో, వాళ్లే తమ చేతులతో, తోమి తోమి, ఆ దీపం వెలిగించారు. నేను నెలల తరబడి దైవం అనుకున్నది హజరత్తయ్యే!

నేను మెల్లగా అడిగాను. “నాయనా హెబ్రోనూ, తలుపు బాగుచెయ్యి. గాలి ఆడనీ. లైటు మాత్రం అట్టనే వెలిగేటట్టు ఉంచరాదా?”

ఆయన నా వంక విచిత్రంగా చూశాడు. “అబద్ధం లైటు నేను పెట్టనమ్మా. ఆదివారం నేను ప్రార్థనలో నిలబడాల.”

నా ఆదివారం సంగతి ఆయనకి ఏమి తెలుసు? నేను నోరు మూసుకున్నాను. కానీ చెవులు మూసుకోలేదు. కొత్త వాల్వు బిగించి, గొట్టంలో మట్టి ఊది, ఆయన ప్లగ్గు పెట్టబోతుంటే, తెలియక అడిగినట్టు అడిగాను.

“ఈ ప్లగ్గు పొరబాటున ఊడిపోతే కారు ఆగిపోతుందా?”

“ఆగదమ్మా. కరెంటు లేకపోతే తలుపు తెరిచే ఉంటాది గదా. పెట్రోలు బాగా పోస్తాది, బండి బాగా నడస్తాది. కంప్యూటరుకి తలుపు ఊసు తెలీదు గాబట్టి లైటు మాత్రం వెలగతాది.”

“అట్టనా నాయనా!” అన్నాను.

ఆయన ప్లగ్గు టక్కున నొక్కాడు. యంత్రంలో పాత నంబరు చెరిపేశాడు. లైటు ఆరింది. “ఇంక రాదు. కాలవ జోలికి మాత్రం పోబాకండి” అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో పెట్రోలు బంకులో ఆగితే గొట్టం ఒక్కసారి కూడా ఆగలేదు. వాణితో రెండు మాటలు మాట్లాడేలోపే ట్యాంకు నిండిపోయింది. ఆ అమ్మాయి నర్సింగు సంగతి ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

మధుబాబు నోట్లో నువ్వు గింజ నానదు. టీ అంగడిలో చెప్పాడు. పోయిన ఆదివారం పొద్దున్నే, నేను పేపరు పూర్తిగా విప్పకముందే, హజరత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

“లైటు ఆరిందంట గదక్కా! దేవుడు చల్లగా చూసినాడు. మా చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తుండారు. పొద్దుగూకేసరికి తెచ్చి, కడిగి నీ గుమ్మంలో పెట్టేస్తా.”

నేను గడపలో నిలబడి ఆయన మొహం చూస్తూ ఒక నిమిషం ఆగాను. అడుగుతాడేమో అని. ‘అక్కా, ఈ పొద్దు నువ్వు యాడికన్నా పోవాల్నా?’ అన్న ఒక్క ముక్క. అడిగి ఉంటే, ఒట్టు, ఇచ్చేసేదాన్ని.

అడగలేదు. రెండేళ్లలో ఆయనా అడగలేదు, ఎవరూ అడగలేదు. కారు ఖాళీగా ఉందా అని అడిగారు, పెట్రోలు ఉందా అని అడిగారు, ఏసీ పనిచేస్తుందా అని అడిగారు.

“తీసుకపో హజరత్తయ్యా. దానికేం! ఉండు, నా నల్ల కోడి కారు కింద పొదుగుతా ఉంది. చక్రం కింద పడతాది. దాన్ని పట్టుకుంటా” అన్నాను.

“నేను పడతాలే అక్కా...”

“నీకు చిక్కదు. దానికి నేనంటేనే నమ్మకం.”

చాప పరిచి, వెనక చక్రం దగ్గర నడుము ఒంచి, మెడ దూర్చాను. కోడి అక్కడ లేదు. అది పెరట్లో తిరుగుతోంది. “బో బో బో” అని పిలుస్తూనే, చేత్తో వెతుక్కున్నాను. నల్ల డబ్బా. గొట్టం. వాల్వు. ప్లగ్గు పక్కన చిన్న నొక్కు. బొటనవేలితో నొక్కి లాగాను. వరి నారు పీకినంత తేలిగ్గా వచ్చింది.

బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాను. “పారిపోయింది దొంగముండ. ఇంక స్టార్ట్ చెయ్యి.”

తాళం తిప్పాడు. అన్ని లైట్లూ వెలిగి ఆరాయి. నా ప్రాణం పోయింది. “చల్లబడి ఉంది, ఆపి ఇంకోసారి తిప్పు” అన్నాను. తిప్పాడు. అన్నీ ఆరాయి. ఒక్కటి ఆరలేదు.

పసుపుపచ్చగా, చిన్నగా, ముద్దుగా!

హజరత్తయ్య కారులోంచి దిగిన వేగానికి చొక్కా హ్యాండిలుకి తగులుకుంది. “నేనేం ముట్టుకోలా అక్కా! తాళం తిప్పినా, అంతే! నువ్వు చూస్తానే ఉండావు గదా!”

“చూశాను నాయనా. నీ తప్పేం లేదు.”

ఇది అబద్ధం అంటారా? ఎట్లా అవుతుంది? తలుపు వైరు ఊడింది అని లైటు చెబుతోంది. వైరు ఊడే ఉంది. హెబ్రోను వచ్చి చూసినా కాదనలేడు. పైగా ఆయన పనికి మాట రాకూడదని ఊరందరికీ నేనే చెప్పాను. ఆయన బాగుచేసిన లైటు అది, ఇప్పుడు వెలిగేది వేరే లైటు అని! అందరూ తల ఊపారు. వేరే లైటు అంటే ఇంకా పెద్ద జబ్బు అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం కారు ఎక్కడా దగ్గలేదు, వణకలేదు. మైపాడు దాకా గుర్రంలా పోయింది. మధుబాబు దారి పొడవునా ఆ లైటు వంకే చూస్తూ, “హెబ్రోను అన్నకి చూపిద్దాం పెద్దమ్మా” అన్నాడు. చూపిద్దాంలేరా, తొందరేముంది అన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ కారులో దీపం ఆర్పకండి. అదీ నా సలహా.

ఇదంతా పేపరులో రాస్తే హజరత్తయ్య చదవడా అని మీకు అనుమానం రావచ్చు. మంచి ప్రశ్న! ఆయన పేపరు కొనడు. నేను ఇంట్లో ఉన్న ప్రతి ఆదివారం మధ్యాహ్నం వచ్చి నాదే అడిగి తీసుకుపోతాడు. మర్యాద తెలిసిన మనిషి గాబట్టి, చక్కగా మడిచి, సాయంత్రానికి తెచ్చిస్తాడు. అందుకే ప్రేమలీలకి చాలా వారాలు కారూ లేదు, పేపరూ లేదు.

ఈ ఆదివారం పేపరును మాత్రం పొద్దున్నే కారు ముందు సీట్లో పెట్టి, తలుపు తాళం వేస్తాను.

ఆ తాళం అడిగేవాళ్లు ఎవరూ రారు.